నెలవంక రాని రోజు

ఆమెకు గడియారం అని పేరు పెట్టింది బాయిలర్ బాబాయి. పొద్దున్నే ఆమె ఆసుపత్రి వెనక గేటు దాటి లోపలికి రాగానే, బాయిలర్ పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన తన చేతి వాచీ ముల్లు సరిచేసుకునేవాడట. నిజంగానే సరిచేసుకునేవాడో, నలుగురినీ నవ్వించడానికి అలా అనేవాడో గానీ, పేరు మాత్రం అతుక్కుపోయింది. కొన్నాళ్లకి ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో అనుకుని ఆమే పక్కకి తప్పుకునేది.

ఆమె పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో. ముందు గేటు నుంచి వచ్చే రోగులకీ, వాళ్ల చుట్టాలకీ అలాంటి చోటొకటి ఉందనే తెలియదు. వంటగది దాటి, చెత్త డబ్బాలు దాటి, కొన్ని మెట్లు దిగితే వచ్చే పొడవాటి గది అది. వార్డుల్లో విడిచిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలోని ఆకుపచ్చ గౌన్లు మూటలు మూటలుగా అక్కడికి దిగేవి. వాటిని పెద్ద డ్రమ్ముల్లో ఉతికి, పిండి, ఇంకా చెమ్మ ఆరకముందే ఇస్త్రీ రోలర్ కిందకి పంపేవాళ్లు. దుప్పటి అవతలి వైపు నుంచి సెగలు కక్కుతూ, ముడత లేకుండా బయటికొచ్చేది. అక్కడ ఇద్దరు నిలబడాలి. చెరో రెండు కొసలు పట్టుకుని, ఒకడుగు వెనక్కి వేసి ఫట్‌మని దులపాలి. మళ్లీ ఎదురెదురుగా వచ్చి, చేతులు కలిపి మడత వేయాలి. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. చూసేవాళ్లకి అదేదో ఆటలా ఉండేది. చేసేవాళ్ల భుజాలనడిగితే వేరే సంగతి చెప్పేవి.

గడియారానికి ఎదురుగా నిలబడాల్సిన మనిషి నెలవంక.

ఆ పేరు సూపర్‌వైజరు పెట్టాడు. "ఇలా కనిపిస్తుంది, అలా మాయమవుతుంది. మెడలు రిక్కించి వెతుక్కోవాలి" అన్నాడొకసారి విసుగ్గా. నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని గలగలమంటూ తిరిగే ఆయన్ని, ఆయన లేనప్పుడు అందరూ తాళాల సారు అనేవాళ్లు. ఆయన అన్నది తిట్టుగానే గానీ నెలవంక మురిసిపోయింది. "మా అమ్మానాన్నలకి కూడా తట్టలేదు సార్ ఇంత మంచి పేరు" అంది. సారు తాళాలు సవరించుకుంటూ వెళ్లిపోయాడు.

నెలవంక గడియారం కన్నా పదేళ్లు చిన్నది. మొగుడు లారీ మీద ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. ఇంట్లో తనూ, బడికెళ్లే కూతురూ. వారంలో ఒకట్రెండు రోజులైనా పనికి ఎగనామం పెట్టకపోతే ఆమెకి ఊపిరాడేది కాదు. పొద్దున్నే పక్కింటి ఫోను నుంచి సారుకి కబురొచ్చేది. ఒకరోజు తలనొప్పి, ఒకరోజు జ్వరం, ఒకరోజు నడుం పట్టేసింది. ఎక్కువగా మాత్రం విరేచనాలు. "ఆ మాటంటే చాలక్కా, ఏ సారూ వివరాలడగడు" అని తర్వాత నవ్వుతూ చెప్పేది.

ఆమె రాని రోజున మడత పనంతా గడియారం మీద పడేది. ఉతికే వాళ్లని పిలిస్తే అక్కడ పని ఆగిపోతుంది. కాసేపు ఒకరు, కాసేపు ఇంకొకరు వచ్చి చేయి వేసేవాళ్లు గానీ, ఎవరి అడుగు వాళ్లది. ఆమె బాధ చూడలేక బాయిలర్ బాబాయి గోడకి రెండు గట్టి క్లిప్పులు బిగించి పెట్టాడు. రెండు కొసలు వాటికి తగిలించి, మిగతా రెండూ పట్టుకుని ఒక్కత్తే మడతపెట్టుకోవచ్చు.

"ఇదిగోనమ్మా, ఈ నెలవంక రోజూ ఇక్కడే ఉంటుంది. జ్వరాలూ రావు, తలనొప్పులూ రావు" అన్నాడు బాబాయి.

పని జరిగిపోయేదే గానీ క్లిప్పులు కబుర్లు చెప్పవు కదా. నెలవంక వచ్చిన రోజున ఆ గది గదిలా ఉండేది కాదు. పెద్ద డాక్టరు ఎలా నడుస్తాడో, ప్రసూతి వార్డు నర్సమ్మ మగవాళ్లని ఎలా బయటికి తరుముతుందో, తాళాల సారు తాళంచెవి వెతుక్కుంటూ ఎన్ని జేబులు తడుముకుంటాడో, దుప్పటి కొస చేతిలో ఉండగానే చేసి చూపించేది. అందరికీ కడుపు చెక్కలయ్యేది. రోలర్ చప్పుడుకి పోటీగా పాడేది. ఆమె ఉన్న రోజు పొద్దు తెలిసేది కాదు. లేని రోజు అస్సలు కదిలేది కాదు. గడియారానికి ఒళ్లు మండేది అందుకే. కోపం తెచ్చుకుందామంటే వచ్చిన మనిషి నవ్వించేస్తుంది, నవ్వుదామంటే మనిషే రాదు.

అయినా సారు ముందు మాత్రం ఆమెని ఎన్నడూ పట్టివ్వలేదు. నెలవంక ఆలస్యంగా వస్తే, "వార్డులో దుప్పట్లిచ్చి రావడానికి వెళ్లింది సార్" అనేది. ఒకసారి నెలవంక మేనత్త పోయిందని సెలవు పెట్టింది. మర్నాడు సారు కనుబొమ్మలు ముడిచి, "మీ మేనత్త మొన్న ఎండాకాలంలోనే పోయింది కదమ్మా?" అన్నాడు. నెలవంక అంతటి మాటకారి కూడా నోరు తెరిచి ఉండిపోయింది.

"అప్పుడు పోయింది చిన్న మేనత్త సార్" అంది గడియారం, దుప్పటి మీంచి చూపు తిప్పకుండా. "ఈవిడ పెద్దావిడ. పాపం, చెల్లెలు పోయిన దిగులుతోనే మంచం పట్టింది."

సారు వెళ్లాక నెలవంక ఆమె వంక గుడ్లప్పగించి చూసింది. "అక్కా! నీకిన్ని అబద్ధాలు ఎక్కణ్ణుంచి వచ్చాయే?"

"నీ ఎదురుగా నిలబడితే రావా మరి!"

ఓ వేసవిలో మాత్రం ఓపిక నశించింది. వార్డులన్నీ కిటకిటలాడుతున్నాయి. మూటల మీద మూటలు దిగుతున్నాయి. సరిగ్గా అప్పుడే నెలవంక తీవ్రమైన జ్వరమని వరసగా రావడం మానేసింది. గడియారం సాయంత్రం పని దిగి, ఇంటికి వెళ్లకుండా నేరుగా నెలవంక ఇంటికి వెళ్లింది. నిజంగా జ్వరమైతే చూసినట్టు ఉంటుంది, కాకపోతే నాలుగూ దులిపేసి రావచ్చు.

నెలవంక డాబా మీద ఉంది. తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ, చాప మీద కాళ్లు చాపుకుని నారింజ తొనలు ఒలుచుకుంటోంది.

"జ్వరమన్నావు?" అంది గడియారం, మెట్ల మీదే ఆగి ఆయాసపడుతూ.

"వచ్చేలా ఉందనిపించిందక్కా. ఎండలో కూర్చున్నాక భయపడి పారిపోయింది."

గడియారం ఇక ఆపుకోలేదు. నోటికి ఎంతొస్తే అంత అంది. నీ దుప్పట్లూ నేనే, నా దుప్పట్లూ నేనే, నా భుజాలు చూడు ఎలా బిగుసుకుపోయాయో, నీకసలు మనిషి మీద జాలుందా, నీకొక్కదానికే ఉందా బతుకు, మాకు లేదా అని కడిగేసింది. అంతా విన్నాక నెలవంక చాప మీద పక్కకి జరిగి, "కూర్చో" అంది. గడియారం కూర్చుంది, నిలబడే ఓపిక లేక. నెలవంక వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని ఆమె భుజాలు పట్టడం మొదలుపెట్టింది.

ఆమె భుజాల మీద అలా ఎవరైనా చేయి వేసి ఎన్నేళ్లయిందో గడియారానికి గుర్తు రాలేదు. ఇంట్లో కాళ్లు పట్టించుకునే అత్తగారుంది, నడుం నొప్పనే మొగుడున్నాడు. నీకెక్కడ నొప్పి అని అడిగినవాళ్లు లేరు. తిట్టాల్సినవి ఇంకా చాలా మిగిలే ఉన్నాయి గానీ, ఆ సాయంత్రపు ఎండలో, నారింజ తొక్కల వాసనలో, ఆమె కళ్లు మూతలు పడిపోయాయి. మెలకువ వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఒంటి మీద దుప్పటి కప్పి ఉంది.

"నువ్వు పనికి రాకపోతే ఏమవుతుందని నీ భయం?" అని అడిగింది నెలవంక, కాఫీ చేతికిస్తూ.

గడియారం ఆలోచించింది. "ఏమో, ఎప్పుడూ చూళ్లేదు" అంది.

"ఒక్కరోజు చూద్దాం. కొంపలేం మునగవు."

ఆ ఒక్కరోజు రావడానికి చాలాకాలం పట్టింది. వానలు వెలిసి ఆకాశం కడిగినట్టున్న ఓ పొద్దున గడియారం రోజూలాగే టిఫిన్ డబ్బా కట్టుకుని బయల్దేరింది. వీధి చివర నెలవంక కాచుకుని ఉంది. ఇద్దరూ మందుల షాపులోని ఫోను దగ్గరికి వెళ్లారు. ముందు నెలవంక తన విరేచనాలు చెప్పేసింది. తర్వాత రిసీవరు గడియారం చెవికి పెట్టింది. "నాకు ... నాకు జ్వరం సార్" అనేసరికి గడియారానికి నిజంగానే ఒళ్లు వేడెక్కింది. ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట విని ఎరగని సారు, "అయ్యో, అయ్యో" అంటూ ఉండిపోయాడు.

నది దాటించే లాంచీ ఎక్కారు. అవతలి గట్టున పనేమీ లేదు. దిగకుండా అదే లాంచీలో వెనక్కి వచ్చారు. మళ్లీ వెళ్లారు. లాంచీ పై అంతస్తులో, గాలి మొహానికి కొట్టే చోట కూర్చుని, గడియారం కట్టుకొచ్చిన డబ్బా ఇద్దరూ పంచుకు తిన్నారు. పని వేళలో ఊరు ఎలా ఉంటుందో ఆమె చూడడం అదే మొదటిసారి. తలుపులు తీసి ఉన్న దుకాణాలు, గట్టు మీద బట్టలారేసే ఆడవాళ్లు, పట్టపగలు తీరిగ్గా నడిచే మనుషులు. "ఇంతమంది పనికి వెళ్లరా ఏమిటే?" అని ఆశ్చర్యపోయింది. "అందరికీ విరేచనాలే అక్కా" అంది నెలవంక. ఇద్దరూ నవ్వి నవ్వి, పొట్టలు పట్టుకుని, తర్వాత ఎందుకు నవ్వారో కూడా మర్చిపోయారు.

సాయంత్రం గడియారం ఇల్లు చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది. అత్తాకోడళ్లకి పెద్ద పొత్తు కుదిరేది కాదు. ఆవిడ ఒక మాటంటే, ఈవిడ ఒక గిన్నె గట్టిగా పెట్టేది.

"జ్వరం తగ్గిందా?" అంది అత్తగారు.

గడియారం చెప్పులు విడవబోయి ఆగింది.

"మీ సారు వచ్చాడు. ఇంకో ముసలాయన కూడా వచ్చాడు, బాయిలరో ఏదో అన్నాడు. నువ్వు ఎన్నడూ పడుకోనిదానివి జ్వరమన్నావని, పాపం, మధ్యాహ్నం తిండి మానేసి పళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఏదీ కోడలమ్మ అన్నారు."

"మీరేమన్నారత్తయ్యా?" అంది గడియారం.

"పనికెళ్లిందని అనబోయాను. ఆయన మొహం చూసి నాలిక్కరుచుకున్నాను. డాక్టరు దగ్గరికెళ్లిందని చెప్పాను. అంత ఆసుపత్రిలో పనిచేస్తూ బయట డాక్టరెందుకని ఆ ముసలాయన అడిగాడు. అక్కడి డాక్టర్ల సంగతి దానికి బాగా తెలుసు, అందుకే వెళ్లదు అన్నాను." అత్తగారు పళ్ల సంచి ముందుకి జరిపింది. "రెండు నేను తిన్నాను. మిగతావి నువ్వు తిను, నీరసంగా ఉంటావు."

గడియారం సంచి అందుకుంది.

"ఎక్కడికెళ్లావే?"

"లాంచీ ఎక్కాను అత్తయ్యా. ఊరికే."

అత్తగారు వీధిలోకి చూసింది. తర్వాత మోకాళ్ల మీద చేతులూని లేస్తూ, "ఈసారి వెళ్లేటప్పుడు నాకూ చెప్పు" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఎండకి కందిపోయిన ఆమె మొహం చూసి తాళాల సారు నొచ్చుకున్నాడు. "జ్వరం మనిషిని ఎలా మాడ్చేసిందో చూడండి" అన్నాడు అందరితో. నెలవంక దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని వణికిపోయింది. సారు ఆమెకీ జ్వరమేమోనని కంగారుపడ్డాడు.

అలా ఏళ్లు గడిచాయి. గడియారం మళ్లీ అంతటి సాహసం చేయలేదు గానీ, నెలవంక రాని రోజున పళ్లు నూరడం మాత్రం మానేసింది. క్లిప్పులకి కొసలు తగిలిస్తూ, ఇప్పుడెక్కడుందో, ఏ గట్టున తిరుగుతోందో అనుకునేది. తన వంతు గాలి కూడా అది పీల్చుకొస్తోందనిపించేది.

తర్వాత ఒక చలికాలం నెలవంక రోజూ పనికి రావడం మొదలుపెట్టింది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అందరూ గమనించారు. సోమవారం వచ్చింది, మంగళవారం వచ్చింది, వారమంతా వచ్చింది, ఆ పై వారమూ వచ్చింది. గడియారం కన్నా ముందే వచ్చి మడత బల్ల తుడిచి పెట్టేది. తాళాల సారు ఆనందం పట్టలేక అందరినీ పిలిచి, "మనిషి మారాలనుకుంటే ఎప్పుడైనా మారొచ్చు. ఈవిణ్ణి చూసి నేర్చుకోండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నెలవంక నవ్వి చేతులు జోడించింది. సారుని అనుకరించడానికి అంత మంచి అవకాశం వచ్చినా ఊరుకుంది.

గడియారం చప్పట్లు కొట్టలేదు. నెలవంక చేతుల వంకే చూస్తోంది.

ఎదురెదురుగా నిలబడి అన్నేళ్లు దుప్పట్లు మడిచిన మనుషులకి ఒకరి చేతులు ఒకరికి కంఠతా వస్తాయి. నెలవంక దులపడం మెత్తబడింది. చేతులు పైకెత్తి కొసలు కలిపేటప్పుడు ఎడమ చేయి భుజం దాటి లేవడం లేదు. గడియారమే కిందకి వంగి అందుకుంటోంది. పాటలూ లేవు. ఓ రోజు తిండి వేళకి అందరూ బయటికెళ్లాక, గడియారం ఆమె చేయి పట్టుకుని దుప్పట్ల అరల వెనక్కి తీసుకెళ్లింది.

"ఏమైందే నీకు?"

"ఏముందక్కా? బుద్ధొచ్చింది."

"నీ బుద్ధి నాకు తెలుసు. నువ్వు సెలవు పెట్టి ఎన్నాళ్లయింది? నిజం చెప్పు."

నెలవంక అరల అవతల ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. తర్వాత గడియారం చేయి తీసుకుని తన ఎడమ రొమ్ము పక్కన, చంక కింద పెట్టింది. బట్ట మీంచే తెలిసింది. గట్టిగా, గుండ్రంగా, కదలకుండా ఉంది.

"ఎప్పటి నుంచే?"

"వానల ముందు నుంచి."

"ఆసుపత్రిలో ఉండి, ఒక్క డాక్టరుకీ చూపించలేదా?"

"ఆ వార్డు దుప్పట్లు మడిచేది మనమే కదక్కా. ఎవరెవరు పడుకున్నారో, ఎన్నాళ్లు పడుకున్నారో ... తర్వాత ఉతకడానికి ఎలా వస్తాయో నాకు తెలియదా?" అంది నెలవంక. "ఇంట్లో ఉంటే అదే గుర్తొస్తోంది. చేయి దాని మీదికే పోతోంది. ఒంట్లో బాగున్నప్పుడు ఇంట్లో ఉంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు పొద్దున్నే లేవగానే భయమేస్తోంది. ఇక్కడికొస్తే ఆ ఆవిరీ, ఆ మోతా ... నువ్వు ఎదురుగా ఉంటావు."

గడియారం ఇంకేమీ వినలేదు. ఆమె రెక్క పట్టుకుని గదిలోంచి బయటికి నడిపించింది. రోలర్ ఆగి ఉంది, మూటలు విప్పకుండా ఉన్నాయి. తిండి తిని లోపలికి వస్తున్న తాళాల సారు వాళ్లకి అడ్డొచ్చాడు.

"ఎక్కడికమ్మా ఇద్దరూ?"

"నెలవంకకి ఒంట్లో బాగాలేదు సార్."

సారు వెనకున్న వాళ్లంతా గొల్లున నవ్వారు. అలవాటు అటువంటిది. బాయిలర్ బాబాయి అయితే, "వచ్చిందమ్మా మళ్లీ దారిలోకి!" అన్నాడు. అంతలో గడియారం మొహం చూశాడు. ఆయన నవ్వు సగంలో నిలిచిపోయింది. ఒక్కొక్కరి నవ్వూ అలాగే ఆరిపోయింది. సారు పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

రొమ్ముకి కోత పడింది. ఆ తర్వాత నెలల తరబడి మందులెక్కించారు. జుట్టంతా రాలిపోయింది. లారీ మొగుడు ఊళ్లు మానుకుని వచ్చి పక్కనే కూర్చున్నాడు. కూతుర్ని గడియారం తన ఇంటికి తెచ్చుకుంది. పిల్లకి పొద్దున్నే జడలు వేసే పని అత్తగారు ఎవరూ చెప్పకుండానే మీదేసుకుంది.

లాండ్రీలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు గానీ, నెలవంక చోటు ఖాళీగా ఉంచకూడదని అందరూ అనుకున్నట్టే చేశారు. ఉతికేవాళ్లు వంతులేసుకుని వచ్చి కొసలు పట్టేవాళ్లు. బాయిలర్ బాబాయి తన పెద్ద చేతులతో వచ్చి, మడతలు వంకరగా పెట్టి తిట్లు తినేవాడు. ఒకరోజు తాళాల సారు చొక్కా చేతులు మడుచుకుని, గుత్తి విప్పి బల్ల మీద పెట్టి, గడియారం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వెనక్కి వేయాల్సినప్పుడు ముందుకి వేసి, ముందుకి రావాల్సినప్పుడు వెనక్కి వెళ్లి, దుప్పట్లో తనే చుట్టుకుపోయాడు. అయినా రోజూ వచ్చాడు.

పై ఆఫీసు నుంచి ఒకాయన తనిఖీకి వచ్చి, ఇక్కడ నిలబడాల్సిన మనిషేదీ అని అడిగాడు. చాలాకాలంగా రాని మనిషిని తీసేసి కొత్తవాళ్లని పెట్టుకోమన్న మాట అప్పటికే ఒకసారి వినిపించింది. సారు చెమట తుడుచుకుని, "వార్డులో ఉంది సార్" అన్నాడు. అబద్ధం కాదు కదా. వచ్చినాయన తలూపి వెళ్లిపోయాడు.

ఆ వార్డుకి వెళ్లే దుప్పట్లు గడియారమే ఏరి పెట్టేది. కొత్తవి బిరుసుగా ఒంటికి గుచ్చుకుంటాయి. ఎన్నో ఉతుకులు పడి, అంచులు వెలిసి, మెత్తగా పాత చీరలా తయారైనవి చేత్తో తడిమి చూసి పక్కన పెట్టేది. సాయంత్రం పని దిగాక తనే పట్టుకెళ్లి పరిచేది. ఒకరోజు నెలవంక ఆ దుప్పటి చెంపకి ఆనించుకుని, "ఈ మడత ఎవరిదక్కా, ఇంత ఘోరంగా ఉంది?" అంది.

"సారుది."

నెలవంక నవ్వబోయింది. కుట్లు లాగాయి. "నవ్వించకే, చస్తాను" అంటూ ఏడుస్తూ నవ్వింది.

మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి ఆమె పనిలోకి వచ్చింది. తలకి గుడ్డ చుట్టుకుని, సగమైపోయి వచ్చింది. వద్దన్నా వినలేదు. గలీబులు మాత్రం మడుస్తూ కూర్చోమన్నారు. డాక్టర్లు ఇక ఫరవాలేదన్నారు. గుడ్డ కింద చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి. ఆమె రోజూ వచ్చేది. మర్నాడూ వచ్చేది. ఆమె అలా వస్తున్నన్నాళ్లూ గడియారానికి గుండెల మీద రాయి అలాగే ఉంది. డాక్టర్ల మాట ఆమె చెవికెక్కలేదు.

చాన్నాళ్లకి ఓ పొద్దున, అరలకి పైనున్న చిన్న కిటికీలోంచి మంచి ఎండ గదిలో పడుతోంది. నెలవంక స్టూలు ఖాళీగా ఉంది. వేళ దాటింది. గడియారం మాటిమాటికీ మెట్ల వంక చూస్తోంది. అంతలో సారు తన గదిలోంచి బయటికి వచ్చాడు. రోలర్ ఆపేశారు.

"నెలవంక రాదట" అన్నాడు సారు. "కడుపు నొప్పట."

ఎవరూ కదల్లేదు. అందరూ గడియారం వంక చూశారు. నిజమైన నొప్పో, ఏ నొప్పో ఆమెకి మాత్రం ఎలా తెలుస్తుంది?

"గొంతెలా ఉంది సార్?" అంది గడియారం.

"బాగా మూలిగిందమ్మా. ఇదివరకెప్పుడూ అంత మూలగలేదు." సారు గడ్డం గోక్కున్నాడు. "కాకపోతే మధ్యలో వెనకాల నుంచి వాళ్ల పిల్ల, 'అమ్మా, తొందరగా ఫోను పెట్టెయ్, ఎండెక్కిపోతుంది, టోపీ తెచ్చుకో' అంది."

ఉతికే వాళ్లలో ఎవరో కేకేశారు. ఇంకొకరు డ్రమ్ము మీద దరువేశారు. బాయిలర్ బాబాయి మెడలో తువ్వాలు తీసి గిరగిరా తిప్పాడు. తాళాల సారు నవ్వాలో, సూపర్‌వైజరులా ఉండాలో తేల్చుకోలేక, చివరికి నవ్వేశాడు. "రేపు రానీ, చెప్తాను దాని సంగతి" అన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

గడియారం దుప్పటి కొసలు రెండూ గోడ క్లిప్పులకి తగిలించింది. మిగతా రెండూ పట్టుకుని వెనక్కి అడుగేసింది. కళ్ల నిండా నీళ్లుండి ఏమీ కనపడలేదు. కనపడాల్సిన అవసరమూ లేదు. ఆ రోజు పనంతా ఒక్కత్తే చేసింది. ఎవరొచ్చి చేయి వేయబోయినా వద్దంది.

ఆ తర్వాత చాలా జరిగాయి. అత్తగారు పోయింది. సారు రిటైరై కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. లాండ్రీ పని బయటివాళ్లకి అప్పగించి, మిగిలినవాళ్లని తలా ఒక చోటికి సర్దారు. దుప్పట్లు ఇప్పుడు వ్యానులో వెళ్లి వ్యానులో వస్తాయి. ఆ పొడవాటి గదికి సున్నం కొట్టి, పలకలు పరిచి, ఫిజియోథెరపీ విభాగం చేశారు. రోలర్ ఉన్నచోట ఇప్పుడు ముసలివాళ్లు కడ్డీ పట్టుకుని నడక నేర్చుకుంటారు.

గడియారానికి మోకాళ్లు అరిగాయి. నెలవంకకి నడుం పట్టేస్తుంది, ఈసారి నిజంగానే. ఇద్దరూ కలిసి అక్కడికి వెళ్తుంటారు. మొన్న వెళ్లినప్పుడు, వంతు కోసం బెంచీ మీద కూర్చుని ఉండగా, చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి, "మీరిద్దరూ అక్కాచెల్లెళ్లా అమ్మమ్మా?" అని అడిగింది.

"కాదమ్మా" అంది గడియారం.

"అలాంటిదే లెండి" అంది నెలవంక. ఆ పిల్ల అటు వెళ్లగానే గోడలు పరకాయించి చూస్తూ, "బాయిలర్ ఆ పక్కన కదక్కా?" అంది.

"ఆ పక్కన కాదే, ఇటు పక్కన. కిటికీ అదిగో, చూడు."

"అది కొత్త కిటికీ. పాతది ఇంకాస్త పైనుండేది."

"నువ్వెన్నాళ్లు చూశావులే ఆ కిటికీని!"

నెలవంక నవ్వింది. ఇద్దరూ కాసేపు కిటికీ గురించే పోట్లాడుకున్నారు. లోపలి నుంచి పేరు పిలిచారు. ఎవరి పేరో ఇద్దరికీ వెంటనే తట్టలేదు.

"నీదేనక్కా" అంది నెలవంక. గడియారం ఆమె భుజం మీద చేయి వేసి, మెల్లగా పైకి లేచింది.